కోరుట్ల రోడ్డు మీద ఏడో ఇన్నింగ్సు

మా తెనాలిలో బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు నాకు తెలిసి ముగ్గురు. ఒకడు దుబాయి వెళ్ళిపోయాడు. ఒకడు మోకాలు విరిగినప్పటి నుంచి ఆ ఆట పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. మూడోవాణ్ణి నేను. గుంటూరులో బీయస్సీ చదివే రోజుల్లో జట్టుకు తొమ్మిదో మనిషి దొరక్క డ్రిల్లు మాస్టారు నన్ను పట్టుకుపోయారు. మూడేళ్ళలో నా బ్యాటుకు బంతి తగిలింది రెండుసార్లు, అందులో ఒకసారి నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. ఆడటం మనవల్ల కాదని తేలాక స్కోరు రాయడం మొదలుపెట్టాను. అప్పటినుంచి రాష్ట్రంలో ఎక్కడ ఆట ఉందన్నా విత్తనాల కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, స్కోరు పుస్తకమూ నియమాల పుస్తకమూ సంచిలో పడేసుకుని బయల్దేరతాను. "పొలం దాకా వెళ్ళి రమ్మంటే కాళ్ళు నొప్పులంటారు, ఎవరో బంతి విసురుతున్నారంటే మాత్రం ఏ ఊరికైనా పరుగే" అంటుంది మా ఆవిడ.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బంతి విసిరే మనిషిని పిచ్చర్ అంటారు. దాన్ని బ్యాటుతో కొట్టినవాళ్ళు మొదటి బేసు, రెండో బేసు, మూడో బేసు వరసగా తొక్కుకుంటూ బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. ఏ బేసైనా తొక్కకుండా దాటితే, అవతలి జట్టు అడిగినప్పుడు అంపైరు ఔట్ ఇవ్వాలి. వాళ్ళు అడగకపోతే చూసినా చూడనట్టు ఊరుకోవాలి. ముగ్గురు ఔటైతే ఒక జట్టు వంతు పూర్తి, రెండు జట్ల వంతులూ కలిస్తే ఒక ఇన్నింగ్సు, అలాంటివి మొత్తం ఏడు. ఈ ప్రయాణం సంగతి అర్థం కావడానికి ఇంతమాత్రం చాలు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. కోరుట్ల నుంచి నర్సయ్య ఫోను చేశాడు. ఆయన అక్కడ డ్రిల్లు మాస్టారు, పదిహేనేళ్ళుగా పోటీల్లో కలుస్తున్న స్నేహితుడు. "సారూ, ఆదివారం మా పిల్లల ఆట ఉన్నది. గిసొంటి ఆట మల్ల చూడరు, రావాలె" అన్నాడు. సంగతేమిటంటే, జిల్లా జూనియర్ అమ్మాయిల జట్టులో అన్ని చోట్లూ నిండాయి, పిచ్చర్ చోటు ఒక్కటే మిగిలింది. దానికి ఇద్దరు పోటీ. ఒకమ్మాయిది కోరుట్ల, ఒకమ్మాయిది సిరిసిల్ల. అప్పటికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ కరీంనగర్ జిల్లాలోవే. రెండు ఊళ్ళ జట్లూ ఒక ఆట ఆడాలి, గెలిచిన జట్టు పిచ్చరే సమ్మె ముగిశాక అనంతపురంలో జరిగే రాష్ట్ర పోటీలకు వెళ్ళాలి. అదీ ఒప్పందం.

గొడవలు జరుగుతున్న చోటికి ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు. లోపల నాకూ బెరుకుగానే ఉంది. అయినా వెళ్ళాను.

జగిత్యాల

జగిత్యాల ఎలా చేరానో రాయను. ఆర్టీసీ బస్సులు వారాల తరబడి కదలడం లేదని చెబితే మిగతాది మీరే ఊహించుకుంటారు. ఊరి మొదట్లో పోలీసులు నేనెక్కిన జీపు ఆపి అందరి సంచులూ విప్పించారు. నా సంచిలో నర్సయ్య కోసం తెచ్చిన రెండు కొత్త బంతులున్నాయి.

"గిదేంది సారు?" అన్నాడు పెద్ద కానిస్టేబులు.

"బేస్‌బాల్ బంతండీ."

"బంతి ఎర్రగుండాలె గద. గిది తెల్లగున్నది, ఎర్రదారంతోని కుట్లేసిండ్రు."

ఇది వేరే ఆట అన్నాను. రెండో కానిస్టేబులు బంతిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. నేను ఊరుకోవచ్చు కదా. ఆట గురించి ఎవరైనా ఒక్క మాట అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. బేసులేమిటో, పరుగేమిటో పది నిమిషాలు చెప్పాను. జీపులోవాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు. చివరికి పెద్దాయన, "గింత తిరకాసు ఆట ఎవలు ఆడుతరు సారు? పోండ్రి" అని బంతులు నా చేతిలో పెట్టాడు.

ఊళ్ళో రిలే దీక్షల టెంటు పక్కనే ఒక టీ కొట్టు ఉంది. అక్కడ మక్కగారెలు వేస్తున్నారు. మాకు గారె అంటే మినప్పిండి, మధ్యలో చిల్లు. వీళ్ళు లేత మొక్కజొన్న గింజల్ని పచ్చిమిరపకాయలూ జీలకర్రతో కచ్చాపచ్చాగా నూరి, చేత్తో తట్టి నూనెలో వేస్తారు. నాలుగు పది రూపాయలు. రెండోసారి చెయ్యి చాపేసరికి టెంటులో కూర్చున్న పెద్దమనిషి, "ఏడికెల్లి అచ్చిండ్రు సారు?" అని అడిగాడు.

గొంతు కాస్త తగ్గించి "తెనాలి" అన్నాను. టెంటులో మాటలు ఆగినట్టు నాకు అనిపించింది.

"తెనాలినా? అయితే ఇంకో రెండు తినుండ్రి. మా మక్కలు మాకే కావాలె అంటున్నం గని, తినేటోళ్ళను ఆపం."

అందరూ నవ్వారు. కొంచెం ఆలస్యంగా నేనూ నవ్వాను. తెలంగాణ రావాలా వద్దా చెప్పమని అడిగాడు. విత్తనాలమ్ముకునేవాణ్ణి అన్నాను. "గదే మంచిది, గింజకు గివన్ని తెల్వయి" అని టీ డబ్బులు తనే ఇచ్చేశాడు. ఎంత బతిమాలినా నన్ను ఇవ్వనివ్వలేదు.

కోరుట్ల

మర్నాడు షేర్ ఆటోలో కోరుట్ల వెళ్ళాను. పన్నెండు మందిమి ఎక్కాం, నా మోకాలి మీద ఎవరిదో కోడి. నర్సయ్య రోడ్డు మీదే ఎదురొచ్చి రెండు చెడ్డవార్తలు చెప్పాడు. సమ్మెలో భాగంగా ఆటస్థలానికి తాళం వేశారు. వరంగల్ నుంచి రావలసిన అంపైరు బస్సుల్లేక ఆగిపోయాడు.

"మరి ఆట?"

"రోడ్డు మీద ఆడుతున్నం సారు. ఇయ్యాల ఊరి బయట రాస్తారోకో ఉన్నది. మొన్న రోడ్డు మీద కబడ్డీ ఆడిండ్రు, బతుకమ్మ ఆడిండ్రు, వంటలు సుత వండిండ్రు. మా పిల్లల ఆటకేం తక్కువ అని నేనే అడిగిన. కమిటీ సరేనన్నది."

మాకు సమ్మె అంటే బడ్డీకొట్లు మూసి జనం ఇళ్ళలో పడుకోవడం. ఇక్కడ ఊరంతా వచ్చి రోడ్డు మీద కాపురం పెట్టింది. ఒకవైపు ఇటుకల పొయ్యిల మీద బగారన్నం ఉడుకుతోంది. ఇంకోవైపు పాటలు. రోడ్డు పక్కన ఖాళీ స్థలం, దాని వెనక మక్క కోసేసిన చేను, ఆ పక్కన నిండుగా పసుపు చేను. బ్యాటు పట్టే చోటూ మూడో బేసూ తారురోడ్డు మీద, మొదటి రెండు బేసులూ మట్టిలో. యూరియా సంచుల్లో ఇసుక పోసి కుట్టి బేసులు చేశారు. ఆడవాళ్ళు పళ్ళెంలో ముగ్గు తెచ్చి గీతలన్నీ తిన్నగా వేశారు. ప్రతి సంచి చుట్టూ నలుపలకల ముగ్గు పెట్టి, మూలల్లో చిన్న పువ్వు కూడా వేశారు. ఎన్నో మైదానాలు చూశాను కానీ బేసు చుట్టూ పువ్వులు ఎక్కడా చూడలేదు.

పసుపు చేను ఒక అవ్వది. "నా చేన్ల కాలు వెడితే కాళ్ళిరగ్గొడ్త" అని గట్టు మీద కర్రతో నిలబడింది. అందుకని ఒక నియమం చేశాం: బంతి పసుపులో పడితే రెండు బేసులు, దాన్ని అవ్వే తెచ్చివ్వాలి. మూడో ఇన్నింగ్సుకల్లా అవ్వ గట్టు మీద నుంచే పిల్లలకు సలహాలు అరవడం మొదలుపెట్టింది.

ఇక అంపైరు. సిరిసిల్ల పిల్లల్ని తెచ్చిన విజయ మేడం నర్సయ్యను ఒప్పుకోదు. నర్సయ్య ఆమెను ఒప్పుకోడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"ఈ సారు మీకు సుట్టం కాదు, మాకు సుట్టం కాదు. ఆంధ్రాయన. ఈయనే కరెక్టు" అంది విజయ మేడం.

రాస్తారోకో నడుమ, జై తెలంగాణ నినాదాల మధ్య, తెనాలివాణ్ణి నమ్మి తీర్పు చెప్పమన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. దాని మీద చెస్ట్ ప్యాడ్ కట్టేసరికి ఇంకా పెరిగింది.

కోరుట్ల పిచ్చర్ లావణ్యకు పదిహేడేళ్ళు. నాన్న కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కుతాడు, అమ్మ బీడీలు చుడుతుంది. బంతి వేగంగా వేస్తుంది, వేసిన ప్రతిసారీ నవ్వుతుంది. సిరిసిల్ల పిచ్చర్ స్వప్నకు ఇంకో ఏడాది పైన ఉంటుంది. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పని. వేగం లేదు కానీ బంతి ఎక్కడ పడాలనుకుంటే అక్కడే పడుతుంది. "దీనికి గిదే ఆఖరి ఏడు సార్, వచ్చే ఏడు వయసు దాటుతది" అని విజయ మేడం నాతో మెల్లగా అంది. "రాష్ట్ర పోటీల ఆడిన కాగితం ఒక్కటున్నా రేపు పోలీసు నౌకరికి అక్కరకస్తది." అంపైరుకు ఇలాంటివి చెప్పకూడదని కసురుకున్నాను. కానీ విన్నాను కదా.

ఏడో ఇన్నింగ్సు

ఆట గురించి రాయమంటే వంద పేజీలు రాస్తాను, కాబట్టి కుదించుకుంటాను. బంతి ఒకసారి బగారన్నంలో పడింది. వండే ఆయన తొణక్కుండా "ఆగుండ్రి, కడిగిస్త" అని తీసిచ్చాడు. పసుపు చేనులోకి మూడుసార్లు పోయింది. ఆట తెలియని జనం కూడా నాలుగో ఇన్నింగ్సు నుంచి ప్రతి బంతికీ లేచి నిలబడ్డారు. ఏడో ఇన్నింగ్సు సగం అయ్యేసరికి అయిదు–అయిదు. కోరుట్ల బ్యాటింగు, ఇద్దరు ఔటయ్యారు, లావణ్య రెండో బేసు మీద ఉంది. ఆమె వచ్చి చేరితే ఆట అక్కడితో అయిపోతుంది, అనంతపురం ఆమెదే.

అప్పుడు అంబులెన్సు వచ్చింది. ఉద్యమంలో ఎన్ని బళ్ళు ఆపినా అంబులెన్సును ఆపరు. జనం నిమిషంలో దారిచ్చారు. మూడో బేసు రోడ్డు మధ్యలో ఉంది కదా, దగ్గర్లో ఉన్న స్వప్న పరుగెత్తి సంచి పక్కకు లాగింది. బండి వెళ్ళిపోయింది. సంచి మళ్ళీ పెట్టారు.

ఆట తిరిగి మొదలుపెట్టే ముందు బేసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవలసింది అంపైరు. అంటే నేను. ఆ సమయానికి పసుపు చేను అవ్వ నా చేతిలో సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకు ఒత్తి కాలుస్తారు. కరకరలాడుతుంది. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాను, ఆకలి మీద ఉన్నాను. నోటి నిండా పెట్టుకుని, మూడో బేసు వైపు చూడనైనా చూడకుండా, ఆడండి అని చెయ్యి ఊపాను.

స్వప్న వేసిన బంతిని కోరుట్ల అమ్మాయి రెండో బేసు వెనకకు కొట్టింది. లావణ్య బయల్దేరింది. మూడో బేసు దగ్గర తల వంచి కింద చూసుకుని, ఒక్క అడుగు వేసి మలుపు తిరిగి, నా ముందుకు దూసుకొచ్చింది. ఆరు. డప్పులు మోగాయి. ఎవరో ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

అప్పుడు సిరిసిల్ల మూడో బేసు అమ్మాయి బంతి తెప్పించుకుని, సంచి మీద కాలు పెట్టి, నాతో అంది: "సార్, ఆమె బేస్ తొక్కలె."

నిజమే. సంచి మీద కాలు పడలేదు. నా కళ్ళతో చూశాను. అవతలి జట్టు అడిగింది కాబట్టి చెప్పాలి. ఔట్ ఇచ్చాను.

డప్పులు ఆగాయి. లావణ్య భుజాల మీంచి దిగి నా దగ్గరికి వచ్చింది. "తొక్కిన సార్. ముగ్గు మీదనే తొక్కిన."

"తొక్కాల్సింది సంచిని తల్లీ, ముగ్గును కాదు."

"గంతేనా సార్?"

"అంతే."

ఈ 'అంతే' అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆ పిల్ల ముగ్గు అంటున్నప్పుడు ఒక్కసారి తల తిప్పి ఆ ముగ్గు ఎక్కడుందో చూస్తే సరిపోయేది. నియమం నాకు తెలుసన్న గర్వం తిప్పనివ్వలేదు.

జనంలోంచి "ఆంధ్రాయన మన బిడ్డను ఔటిచ్చిండు" అని ఒక గొంతు, దాని వెనక ఇంకో నాలుగు. నర్సయ్య నాకూ జనానికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "ఈయన్ను పిలిచింది నేను. ఆయన సూసిందే చెప్పిండు. ఎవలన్న లొల్లి చేస్తే ఆట బంద్ చేస్త" అన్నాడు. నష్టపోయింది ఆయన జట్టే. జనం కూర్చున్నారు.

ఏడూ అయ్యేసరికి పరుగులు సమానంగానే ఉన్నాయి కాబట్టి ఎనిమిదో ఇన్నింగ్సు ఆడించాను. సిరిసిల్లకు ఒక పరుగు వచ్చింది, కోరుట్లకు రాలేదు. సిరిసిల్ల ఆరు, కోరుట్ల అయిదు. లావణ్య స్వప్నతో చెయ్యి కలిపి, వంగి సంచులు ఏరడానికి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

కొడిమ్యాల మీదుగా

స్కోరు కాగితం శుభ్రంగా తిరగరాసి, సంతకం పెట్టి, మర్నాటి సాయంత్రంలోగా కరీంనగర్‌లో జిల్లా జట్టును పంపేవాళ్ళకు ఇవ్వాలి. అటు వెళ్ళే బండి సిరిసిల్ల జట్టు వచ్చిన డీసీఎం వ్యాను ఒక్కటే, సిరిసిల్ల మీదుగా పోవాలి. మా ఆవిడ తువ్వాళ్ళు తెమ్మంది కూడాను, కాబట్టి ఎక్కేశాను. వెనక పిల్లలు గొంతులు పోయేలా పాడుతున్నారు. కొడిమ్యాల దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. గంటసేపు ఆగాం. అక్కడివాళ్ళు గెలిచిన పిల్లలని తెలిసి ఉడకబెట్టిన మక్కకంకులు తెచ్చిచ్చారు. డబ్బు ఇస్తే పుచ్చుకోలేదు. స్వప్న తన కంకి సగం విరిచి నాకిచ్చి, "అనంతపురం ఎంత దూరముంటది సార్? రైలు ఉన్నదా?" అని అడిగింది. ఆ పిల్ల రైలెక్కడం అదే మొదటిసారట. ఏ స్టేషన్లో ఏం తినాలో కూడా చెప్పాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు చెవులు పగలగొడుతుందని విన్నాను. ఊరు నిశ్శబ్దంగా ఉంది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే తింటున్న కంచం వదిలి మగ్గానికి పరుగెత్తుతారు. రాత్రి విజయ మేడం వాళ్ళింట్లో పడుకుని, పొద్దున తువ్వాళ్ళు కొన్నాను. ఒక్కోటి యాభై. మాకు ఇదే తువ్వాలు తొంభైకి అమ్ముతారు, అది ఇక్కడిదేనని చెప్పకుండా.

మధ్యాహ్నం స్వప్న వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది. రేకుల ఇల్లు, గోడ పక్కన కండెల బుట్టలు. కోడికూర, పచ్చిపులుసు. మా వైపు పచ్చిపులుసును అంతగా పట్టించుకోం. చింతపండు రసంలో ఉల్లిపాయ, నువ్వులపొడి కలిపి ఆమె పోసింది నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. "మీరు న్యాయం చెప్పవట్టే మా బిడ్డకు దారి దొరికె సారు" అంటూ ఆమె ఎదురుగా కూర్చుని ఇంకా ఇంకా పెడుతోంది.

విజయ మేడం పేపరు తెచ్చింది. "మన ఆట పేపర్ల పడ్డది" అని జిల్లా పేజీ మధ్యకు మడిచి నా కంచం పక్కన పెట్టింది. రోడ్డు దిగ్బంధం గురించి నాలుగు లైన్లు, పైన పెద్ద ఫొటో. లావణ్య మూడో బేసు దగ్గర మలుపు తిరుగుతోంది. కాలు సరిగ్గా నలుపలకల ముగ్గు మధ్యలో ఉంది. మూలన పువ్వు కూడా కనిపిస్తోంది. సంచి ఆ ముగ్గుకు రెండడుగుల అవతల పడి ఉంది. వెనక నేను, మాస్కు పైకెత్తుకుని, చేతిలో ఇంకా సర్వపిండి ముక్కతో.

బేసు దాని చోటు నుంచి జరిగిపోతే, అది ఉండాల్సిన చోటు తొక్కితే తొక్కినట్టే. ఆ మాట నా సంచిలోని పుస్తకంలో ఉంది, నాకు కంఠతా వచ్చు. లావణ్య తొక్కింది. ఆట ఏడో ఇన్నింగ్సులోనే అయిపోయింది, కోరుట్ల ఆరు, సిరిసిల్ల అయిదు. నేను తప్పు చేశాను.

చెయ్యి కడుక్కుని వచ్చి అదే చెప్పాను. దాచి చెప్పడం నాకు చేతకాదు. చెబుతూ వాళ్ళమ్మ మొహం మాత్రం చూడలేకపోయాను.

విజయ మేడం పేపరు మడిచి చంకలో పెట్టుకుంది. "అయిపోయిన ఆట సార్ గది. గా పిల్లకు ఇంకో ఏడున్నది. దీనికి లేదు. మీరు ఊకుంటే ఎవ్వలకు నష్టం?"

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఆలోచన వచ్చింది. ఆటల పిచ్చివాడిగా చెబుతున్నాను, ఆ రోజు ఇద్దరిలో మంచి పిచ్చర్ స్వప్నే. కాగితం మీద ఇంకా నా సంతకం పడలేదు. ఆరు–అయిదు అన్న అంకెలు ఎటైనా అవే, ఊళ్ళ పేర్లే అటూ ఇటూ. పైగా వాళ్ళింటి అన్నం నా కడుపులో ఉంది.

స్వప్న వచ్చి విజయ మేడం చంకలోంచి పేపరు లాక్కుని, గుమ్మం దగ్గర వెలుతుర్లో పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"అంబులెన్సు పోయినంక సంచి పెట్టింది నేనే సార్" అంది. "తొందరల పెట్టిన. సూసుకోలె."

"తప్పు నీది కాదమ్మా. చూసుకోవలసింది నేను."

"గట్లయితే మా బిడ్డ పోదా సారు?" అంది వాళ్ళమ్మ. ఆమెకు ఆట తెలియదు, మేము మాట్లాడుకున్న నియమం అర్థం కాలేదు. ఈ ఒక్కటీ అర్థమైంది.

"ఏం రాయాలో మీ చేతిల ఉన్నది సార్, నాకు అడ్డం రాకుండ్రి అని అడుగుదామనుకున్న" అంది స్వప్న. "గని నేను పోయిన్ననుకోండ్రి. ఓడిపోతే ఏం గాదు, ఇంటికస్త. గెలిస్తే ఎట్ల సార్? గెలిచి ఇంటికి ఎట్ల రావాలె?"

అప్పుడే కరెంటు వచ్చింది. వీధి వీధంతా ఒక్కసారి మగ్గాలు మొదలయ్యాయి. మాటలు వినపడని చప్పుడు. స్వప్న పేపరు నా చేతిలో పెట్టి కండెల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వాళ్ళమ్మ నాకు అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుని, గిన్నెలు తీసింది. నేను మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, ఏడో ఇన్నింగ్సు దగ్గర పరుగు వేసి, ఎనిమిదో ఇన్నింగ్సు కొట్టేసి, జరిగిందంతా కింద నాలుగు లైన్లు రాసి సంతకం చేశాను. ఫొటో ముక్క కత్తిరించి జత చేశాను. వెళ్ళొస్తానంటే స్వప్న తలెత్తకుండా, "అనంతపురం మీరు పోతరా సార్?" అని అడిగింది. పోతానన్నాను. "గయితే ఒక్కొక్క ఇన్నింగ్సు అయినంక నాకు ఫోన్ చేసి స్కోరు చెప్పుండ్రి" అని విజయ మేడం నంబరు రాయించింది.

అనంతపురం వెళ్ళాను. లావణ్యను మైదానం బయటే పట్టుకుని క్షమించమని అడిగాను. "నాకు తెల్వదా సార్, తొక్కిన్నని? మీకు తెల్వాలె గని" అని నవ్వింది. ఆట బాగా ఆడింది. ప్రతి ఇన్నింగ్సు తర్వాత నేను గట్టు మీదికి వెళ్ళి ఫోను చేశాను. అవతల విజయ మేడం ఎత్తి వెంటనే ఇచ్చేది, అంటే పిల్ల పని మానేసి పక్కనే కూర్చుందన్నమాట. మూడో ఇన్నింగ్సుకు మనవాళ్ళు రెండు. అయిదో దానికి మూడు–మూడు. ఆరో ఇన్నింగ్సులో ఎవరికీ పరుగు రాలేదు. ఏడోదానికి ఫోను చేసి, ఒక్క పరుగుతో ఓడిపోయామమ్మా, చివరి బంతి కాస్త ఎత్తుగా పడింది, దాన్నే కొట్టేశారు అని చెప్పాను.

ఫోనులో మగ్గాల చప్పుడు వినపడుతోంది.

"నేనైతే గా బంతి," అంది స్వప్న. ఆ మాట పూర్తి చేయలేదు.